కాకుటూరులో ఇండోనేషియా భాష నేర్పండి

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పాలకమండలి సభ్యులకు బహిరంగ లేఖ

ఆర్యా,

కాకుటూరులో ఉన్న మన విశ్వవిద్యాలయంలో ఇండోనేషియా భాష నేర్పే కోర్సు ఒకటి మొదలుపెట్టండని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటికి ఏడాది డిప్లొమా చాలు. డిగ్రీ చదివే పిల్లలు తమ సబ్జెక్టులతో పాటు తీసుకునేట్టు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సాయంత్రం పూట వచ్చి చదువుకునేట్టు ఉంటే మేలు.

జర్మన్, జపనీస్, ఫ్రెంచి అడిగేవాళ్లను మీరు చాలామందిని చూసుంటారు. ఇండోనేషియా భాష అడిగినవాళ్లు బహుశా ఉండరు. నేను కృష్ణపట్నం రేవులో దిగే సరుకుల కాగితాలు చూసే ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో చాలా కాలంగా పనిచేస్తున్నాను. ఈ జిల్లా బతుకుతెరువు ఏ దేశంతో ముడిపడి ఉందో మా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో కనబడుతూనే ఉంటుంది. అమెరికా గురించి మా పిల్లలకు వీధి పేర్లతో సహా తెలుసు. ఇండోనేషియా గురించి అడిగితే బాలి అంటారు, అక్కడితో ఆగిపోతారు.

ముందు బొగ్గు సంగతి. మన దేశం బయటి నుంచి తెప్పించుకునే థర్మల్ బొగ్గులో అన్ని దేశాలకన్నా ఎక్కువ వచ్చేది ఇండోనేషియా నుంచే. కలిమంతాన్ అంటే బోర్నియో దీవిలో ఇండోనేషియాకు చెందిన భాగం. దాని తూర్పు వైపు గనుల్లో తవ్విన బొగ్గును మహాకం నది మీద బార్జిల్లో సముద్రం దాకా తెస్తారు. మువారా బెరావు అనే చోట లంగరేసి ఉన్న పెద్ద ఓడల్లోకి తేలే క్రేన్లతో ఎత్తుతారు. దక్షిణ కలిమంతాన్‌లో బరితో నది మీద కూడా ఇదే పద్ధతి, అక్కడ ఓడలు తబొనియో దగ్గర ఆగుతాయి. అలా నిండిన ఓడలు బంగాళాఖాతం దాటి మన రేవుకూ వస్తాయి. బూడిద తక్కువ, తేమ ఎక్కువ ఉండే బొగ్గు అది. 4200 జీఏఆర్ అంటే ఎంత వేడినిచ్చే బొగ్గో మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ బొగ్గు తవ్విన ఊళ్లో జనం మాట్లాడే మాట ఒక్కటి కూడా మాలో ఎవరికీ రాదు.

రాకపోతే ఏమవుతుందో 2022లో చూశాం. ఆ ఏడు జనవరి 1న ఇండోనేషియా ప్రభుత్వం బొగ్గు ఎగుమతులు ఆపేసింది. వాళ్ల సొంత విద్యుత్ కేంద్రాల్లో నిల్వలు అడుగంటాయి, ముందు ఇంట్లో దీపం వెలగాలి కదా అనుకున్నారు. ఎక్కడి ఓడలు అక్కడ ఆగిపోయాయి. నెల మధ్య నుంచి కొన్నింటికి కొన్నింటికి అనుమతులిస్తూ వచ్చారు. ఆ తర్వాత నూనె వంతు వచ్చింది. అక్కడి జనానికి వంటనూనె ధర అందకుండా పోవడంతో ఏప్రిల్ 22న ఎగుమతుల మీద నిషేధం ప్రకటించారు. నాలుగు రోజులు తిరక్కముందే అది శుద్ధి చేసిన పామోలీన్‌కే తప్ప ముడి పామాయిల్‌కు వర్తించదన్నారు. 27వ తేదీ సాయంత్రానికి ముడి నూనెకూ వర్తిస్తుందన్నారు. 28 నుంచి అమల్లోకి వచ్చిన నిషేధాన్ని మే 23న ఎత్తేశారు.

ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ తీసే దేశం ఇండోనేషియా, అందరికన్నా ఎక్కువ కొనే దేశం మనది. ముత్తుకూరు మండలం పంటపాలెంలో వరసగా ఉన్న నూనె శుద్ధి కర్మాగారాల్ని మీరు చూసే ఉంటారు. ఆ వారం రోజులూ అక్కడ పనిచేసే మా స్నేహితులు ఫోను చెవికి ఆనించుకునే తిరిగారు. జకార్తాలో వచ్చిన ఉత్తర్వు ఇండోనేషియా భాషలో ఉంది. దాన్ని ఎవరో సింగపూరులో చదివి, ఇంగ్లీషులో సారాంశం రాసి, అది ముంబయి బ్రోకర్‌కు చేరి, అతను మనవాళ్లకు చెప్పేటప్పటికి ఉత్తర్వు మారిపోయేది. ఏ రకం నూనె ఆగింది, ఏ తేదీకి ముందు ఎక్కించిన సరుకుకు మినహాయింపు ఉంది, ఇలాంటివి ఉత్తర్వు చదివితేనే తెలుస్తాయి. నెల్లూరులో కూర్చుని దాన్ని నేరుగా చదివి చెప్పగల మనిషి ఒక్కరున్నా ఆ వారం ఇంకోలా గడిచేది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్ ధర అడిగే ఇల్లాలికి కూడా ఈ భాషతో సంబంధం ఉందని నేను నమ్మేది అందుకే.

సరుకుతో వచ్చే ముఖ్యమైన కాగితాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆ మాట నిజం. ఆసియాన్ దేశాలతో మనకున్న ఒప్పందం కింద సుంకం తగ్గింపు కోసం ఇచ్చే మూలధ్రువపత్రం, అంటే మేం ఫారం ఏఐ అనేది, ఇంగ్లీషులోనే వస్తుంది. ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్, కూడా అంతే. చిక్కంతా వాటికి జతపరిచే కాగితాలతో. ఒకసారి పామాయిల్ సరుకుతో వచ్చిన కట్టలో ఒక అనుమతి పత్రం ఉంది. గుండ్రటి నీలం ముద్ర, దాని మీదుగా సంతకం, పక్కన చేత్తో రాసిన రెండు వరుసలు. ఫోను కెమెరా పెట్టి అనువాదం చూస్తే అచ్చు అక్షరాలు బాగానే వచ్చాయి. చేతిరాత దగ్గర మాత్రం ఒకసారి 'రద్దు' అని, ఇంకోసారి 'సవరించబడింది' అని చూపించింది. ఈ రెండింటికీ మధ్య ఓడెడు సరుకుంది. జకార్తా గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. మనకు మూడున్నర అయ్యేసరికి అక్కడ ఆఫీసులు కట్టేస్తారు. మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. ఓడ ఆగితే రోజుకింత అని డెమరేజీ పడుతుంది. రెండు వరుసల చేతిరాత చదవగల మనిషి లేనందుకు ఆ డబ్బు పోయింది.

ఇంకో సంగతి ఉంది, ఇది మన న్యాయశాస్త్ర, వాణిజ్యశాస్త్ర అధ్యాపకులకు ప్రత్యేకంగా విన్నవించుకోవాలి. ఇండోనేషియా 2009లో చేసిన 24వ నంబరు చట్టం 31వ అధికరణ ప్రకారం, ఆ దేశపు సంస్థో పౌరుడో ఒక పక్షంగా ఉన్న ఒప్పందం ఇండోనేషియా భాషలో ఉండాలి. విదేశీయులతో అయితే దాంతోపాటు వాళ్ల భాషలోనో ఇంగ్లీషులోనో కూడా రాసుకోవచ్చు. ఇది పేరుకు రాసుకున్న మాట కాదు. 2013లో పశ్చిమ జకార్తా జిల్లా కోర్టు, కేవలం ఇంగ్లీషులో రాసుకున్నారన్న కారణంతో, ఒక విదేశీ సంస్థ ఇచ్చిన అప్పు ఒప్పందాన్నే చెల్లదని కొట్టేసింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. 2019లో అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చి పద్ధతిని ఇంకా వివరించింది, ఇండోనేషియా భాష ఉండాలన్న నియమం మాత్రం అలాగే ఉంది. అంటే మన జిల్లా వ్యాపారి సంతకం పెట్టే ఒప్పందంలో సగం పేజీలు అతను చదవలేని భాషలో ఉంటాయి. ఆ సగం సరిగ్గా ఉందని చెప్పాల్సింది ఎదుటి పక్షం వకీలే. వ్యాపారం చేసే ఏ జిల్లా అయినా ఇంత పెద్ద విషయంలో పరాయివాడి మాట మీద ఆధారపడి ఉండకూడదు.

బొగ్గూ నూనే మనం కొనుక్కునేవి. రొయ్యల దగ్గరికొస్తే ఇండోనేషియా మనకు పోటీదారు. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు చెరువుల్లో ఈ రోజు పెరుగుతున్న వెనామీకి మన దేశం అనుమతిచ్చింది 2009లో. ఇండోనేషియా 2001లోనే మొదలుపెట్టింది. మనకన్నా ఎనిమిదేళ్ల ముందు ఆ రొయ్యతో పాట్లు పడ్డారు వాళ్లు. తోక దగ్గర కండ తెల్లబడి రొయ్య చచ్చిపోయే వైరస్ జబ్బు, ఐఎంఎన్‌వీ అంటారు, తూర్పు జావాలో 2006లో బయటపడింది. తర్వాత మన దేశంలోనూ కనిపించింది. అక్కడి రైతులు ఏం చేశారు, ఏది పనిచేసింది, ఏది దండగ అన్నది వాళ్ల విశ్వవిద్యాలయాల విద్యార్థులు రాసిన సిద్ధాంత వ్యాసాల్లో ఉంటుంది. వాటిల్లో చాలావాటికి ముందు ఒక పేజీ ఇంగ్లీషు సారాంశం, మిగతాదంతా ఇండోనేషియా భాష. తెల్లవారుజామున చెక్ ట్రే ఎత్తి, మేత మిగిలిందా, పేగు నిండిందా, కండ రంగు మారిందా అని టార్చి వేసి చూసుకునే మన రైతుకు కావలసింది ఆ సారాంశం కాదు. ఏ రోజు నీళ్లు మార్చారు, ఎంత మేత తగ్గించారు, ఎన్ని రోజులకు పట్టుబడి చేశారు అన్న వివరం కావాలి, అది లోపలి పేజీల్లో ఉంటుంది.

మార్కెట్ సంగతి కూడా అంతే. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఇండోనేషియా సరుకు మీద వేసింది 19 శాతం. అదే నెలలో ఇండోనేషియా నుంచి వెళ్లిన కొన్ని రొయ్యల్లో సీజియం-137 ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. మన 100 కౌంట్, అంటే కిలోకు వంద తూగే రొయ్య, ధర ఏ వైపు తిరుగుతుందో తెలియాలంటే అక్కడి పత్రికలు ఆ పూటకాపూట చదివేవాళ్లు మన దగ్గర ఉండాలి.

ఇక ఒంగోలు గిత్త. ఇది రాయకుండా ఉండలేను. మన నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో కోట్ల పశువులున్నాయని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం, చెప్పుకోదగ్గదే. ఒంగోలు జాతి ఇండోనేషియాకు కూడా వెళ్లిందని, ఇప్పటికీ అక్కడ ఒంగోలు పేరుతోనే ఉందని మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు మన కోడెల్నీ ఆవుల్నీ సుంబా అనే దీవికి తీసుకెళ్లి పెంచారు. అక్కడ నిలదొక్కుకున్న జాతిని సుంబా ఒంగోల్ అంటారు. ఆ కోడెల్ని జావాకు తెచ్చి, స్థానిక ఆవులతో కలిపి దాటించగా వచ్చిన జాతి పెరనాకన్ ఒంగోల్. పీఓ అని రెండక్షరాల్లో పిలుస్తారు. తెల్లటి ఒళ్లు, మూపురం, వేలాడే గంగడోలు. ఫొటో చూస్తే మన చదలవాడ పశుక్షేత్రంలో తీసిందనే అనుకుంటారు.

నాకు బ్రెజిల్ కన్నా జావా ముఖ్యమనిపించడానికి కారణం ఉంది. బ్రెజిల్‌లో వేల ఎకరాల పచ్చిక బయళ్లలో మందలు మందలుగా మాంసానికి పెంచుతారు. ఆ పద్ధతి మనకు సరిపడేది కాదు, మనకంత భూమీ లేదు. జావాలో రైతు మన రైతు లాంటివాడే. రెండో మూడో పశువులు, ఇంటి పక్కన కొట్టం, వరిగడ్డి మేత. ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి గిత్త అక్కర్లేకుండా పోయి మన ప్రకాశం జిల్లాలో ఈ జాతి తగ్గుతూ వచ్చింది. అదే దుక్కి అవసరం అక్కడా పోయింది. అయినా చిన్న రైతు చేతిలో పీఓ ఎట్లా నిలబడింది? తూర్పు జావాలో గ్రాతి అనే చోట ఉన్న పశు పరిశోధన కేంద్రం ఈ జాతి మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ నివేదికలు చదవాలన్నా, ఆ కొట్టాల్లో నిలబడి రైతును పలకరించాలన్నా ఆ భాష రావాలి. దుబాసీని పెట్టుకుని రైతుతో మాట్లాడితే ఎంత తెలుస్తుందో గ్రామాల్లో పనిచేసిన ఏ పశువైద్యుణ్ణి అడిగినా చెబుతారు. పొదిలి నుంచో టంగుటూరు నుంచో ఒక పశువైద్య విద్యార్థి ఈ డిప్లొమా చేసి, ఏడాది జావాలో ఉండి వస్తే ఒంగోలు జాతికి జరిగే మేలు చిన్నది కాదు.

సముద్రం గురించి కూడా ఒక మాట. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కదిలితే రెండు మూడు గంటల్లో మన మైపాడు నుంచి కొత్తపట్నం దాకా అలలు ఊళ్ల మీదికి వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో మళ్లీ అక్కడే 8.6 తీవ్రతతో భూకంపం వస్తే మన తీరమంతా మేల్కొంది. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి హెచ్చరికలు వస్తున్నాయి, మంచిదే. నేర్చుకోవలసింది ఇంకొకటుంది. సుమత్రా పక్కనున్న సిమలూ దీవిలో 1907లో సునామీ వచ్చి చాలామంది పోయారు. భూమి బలంగా కదిలి నీళ్లు వెనక్కి పోతే కొండెక్కమని అప్పటినుంచి పెద్దవాళ్లు పిల్లలకు పాటల్లోనూ కథల్లోనూ చెప్పుకుంటూ వచ్చారు. 2004లో భూకంప కేంద్రానికి అంత దగ్గరగా ఉండి కూడా, డెబ్బై వేలకు పైబడ్డ జనాభాలో ఆ దీవిలో చనిపోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఏ యంత్రమూ లేకుండా జనం నోటి మాటే అంతమందిని కాపాడింది. మన పట్టపు మత్స్యకారుల కాలనీల పిల్లలకు ఈ సంగతి అక్కడివాళ్ల మాటల్లోంచి నేరుగా తెచ్చి చెప్పగలవాళ్లు ఉండాలని నా కోరిక.

శ్రీహరికోట 2022 దాకా మన నెల్లూరు జిల్లాదే. ఇండోనేషియా ఉపగ్రహాలు 2007లో, 2015లో, 2016లో అక్కడినుంచే పీఎస్ఎల్‌వీల మీద వెళ్లాయి. శ్రీహరికోటలోని షార్ కేంద్రం నుంచి లేచిన రాకెట్లను వెన్నంటి చూసే ఇస్రో కేంద్రం ఒకటి ఇండోనేషియాలోని బియాక్ దీవిలో ఉంది. ఇంజనీరింగ్ పిల్లలకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మన విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే మాస్టార్లకు తెలిసిన విషయమే ఒకటి గుర్తు చేస్తాను. తొలి పల్లవుల తామ్రశాసనాలు దర్శి పేరుతో, ఒంగోలు ప్రాంతపు ఓంగోడు పేరుతో చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. సుమారు క్రీ.శ. 400 నాటి మూలవర్మ రాజు యూప శాసనాలు, అంటే యజ్ఞస్తంభాల మీద చెక్కించినవి, తూర్పు కలిమంతాన్‌లోని కూతైలో దొరికాయి. వాటి లిపిని పండితులు తొలి పల్లవ లిపి అంటారు. ఈ రోజు మన రేవులో దిగే బొగ్గు తవ్వే ప్రాంతమే అది. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, అన్ని దీవుల నుంచీ దేశాల నుంచీ వచ్చిపోయే ఓడ వర్తకులకు భరోసా ఇచ్చింది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకు ముందు రాజులు లాక్కునేవాళ్లనీ, తాను న్యాయమైన సుంకమే తీసుకుంటాననీ చెప్పాడు. సుంకం పడే సరుకుల్లో కర్పూరం ఉంది. కర్పూరానికి ఆ కాలంలో పేరున్న రేవు సుమత్రా పడమటి తీరంలోని బరూస్. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ నిన్న మొన్నటిదాకా ప్రకాశం జిల్లాదే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ దీవులతో లెక్కలు చూసుకున్న తీరం ఇది.

ఇక భాష సంగతి. ఇది మన పిల్లలకు కష్టమైన భాష కాదు. రోమన్ లిపిలో రాస్తారు, రాసినట్టే పలుకుతారు. కొత్త అక్షరమాల నేర్చుకునే పని లేదు. క్రియ కాలాన్ని బట్టి మారదు, నిన్న రేపు అని పక్కన చెబితే సరిపోతుంది. మనకున్నట్టే మేము, మనం అని రెండు వేరువేరుగా ఉంటాయి, ఇంగ్లీషు వాళ్లు తడబడే చోట మన పిల్ల తడబడదు. క్రియకు ముందూ వెనకా తగిలించే ప్రత్యయాల దగ్గర శ్రమ ఉంది. అది ఒకటి రెండు నెలల్లో పట్టుబడేది కాదు, అందుకే ఏడాది కోర్సు అడుగుతున్నాను. ఈ ఒక్క భాష వస్తే 28 కోట్ల జనాభా ఉన్న దేశంలో, పదిహేడు వేల పైచిలుకు దీవుల్లో పని నడుస్తుంది. మలేషియా, బ్రూనై వాళ్ల మలయ్ భాష కూడా చాలావరకు అర్థమవుతుంది.

ఆ భాష కథ కూడా మన పిల్లలు తెలుసుకోదగ్గది. ఏడు వందలకు పైగా భాషలున్న దేశం అది. అందరికన్నా ఎక్కువమందికి మాతృభాష జావా భాష. 1928 అక్టోబరు 28న యువకులు ఒక చోట చేరి, పెద్ద వర్గం భాషను కాక, రేవుల్లో అన్ని దీవుల వ్యాపారులూ వాడుకునే మలయ్ భాషను దేశమంతటికీ ఉమ్మడి భాషగా ప్రకటించుకున్నారు. 1945లో రాజ్యాంగంలో పెట్టుకున్నారు. 2023 నవంబరులో యునెస్కో మహాసభ దాన్ని తన అధికార భాషల్లో చేర్చింది. భాషల గురించి కొట్టుకోకుండా ఇంత పని చేసుకున్న జాతి మీద నాకు చాలా గౌరవం.

చెప్పేవాళ్లెవరు అన్నది మీ మొదటి ప్రశ్న అవుతుంది. విదేశీయులకు తమ భాష నేర్పడానికి ఇండోనేషియా ప్రభుత్వమే బీపా అనే కార్యక్రమం నడుపుతోంది. పాఠ్యాంశాలు తయారుగా ఉన్నాయి. అధ్యాపకుల్ని పంపే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తరం వెళ్తే మాట మొదలవుతుంది. 1974 నుంచి ఇస్తున్న దర్మసిస్వా ఉపకార వేతనంతో విదేశీ విద్యార్థులు అక్కడి విశ్వవిద్యాలయాల్లో భాష, కళలు చదువుకోవచ్చు. మన తెలుగు, ఇంగ్లీషు శాఖల నుంచి ఆసక్తి ఉన్న ఇద్దరు యువ అధ్యాపకుల్ని దానికి దరఖాస్తు చేయించండి. వాళ్లు తిరిగొస్తే మూడో ఏటికి మన మనుషులే పాఠం చెబుతారు. ఢిల్లీలో రక్షణ శాఖ వారి విదేశీ భాషల పాఠశాలలో ఇండోనేషియా భాష ఎప్పటినుంచో నేర్పుతున్నారు. సైన్యానికి అవసరమని దేశం గుర్తించిన భాష రేవు ఉన్న జిల్లాకు అవసరం కాదా? కావలి పిల్ల, ఉదయగిరి పిల్లాడు దానికోసం ఢిల్లీ వెళ్లలేరు.

ఒప్పందం చేసుకోవడానికి విశ్వవిద్యాలయం కోసం దూరం వెతకనక్కర్లేదు. తూర్పు కలిమంతాన్‌లో సమరిందా ఊళ్లో, మహాకం నది పక్కనే, ఆ యూప శాసనాల రాజు పేరు పెట్టుకున్న ములావర్మన్ విశ్వవిద్యాలయం 1962 నుంచి ఉంది. చేపలు, రొయ్యలు, పశువుల మీద పరిశోధనకు బోగోర్‌లోని ఐపీబీ విశ్వవిద్యాలయం పేరున్నది. ఏడాదికి ఇద్దరు విద్యార్థులు అటు, ఇద్దరు ఇటు. అంతటితో మొదలవ్వచ్చు.

ఉద్యోగాలు వస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. వందల ఉద్యోగాలు కాచుకుని ఉన్నాయని నేను చెప్పను, అలా చెప్పి పిల్లల్ని చేర్చుకోవద్దని కూడా మనవి. బీకాం చదివి షిప్పింగ్ ఆఫీసులో చేరేవాడికి, ఫిషరీస్ చదివి హేచరీకి వెళ్లేవాడికి, మర్చంట్ నేవీకి వెళ్లేవాడికి, నూనె కంపెనీ కొనుగోలు విభాగంలో చేరే అమ్మాయికి ఈ డిప్లొమా పక్కవాళ్లకు లేని విలువ తెస్తుంది. ఆ మాట ధైర్యంగా చెప్పగలను. ఫోనులో అనువాదం ఉండగా భాష ఎందుకనేవాళ్లకు పైన చెప్పిన రెండు వరుసల చేతిరాతే నా జవాబు.

పాఠ్యప్రణాళిక విషయంలో ఒక్క విన్నపం. మొదటి ఆరు నెలలు మాట్లాడటం, చదవడం గట్టిగా నేర్పండి. రెండో ఆరు నెలల్లో సాహిత్యంతో పాటు అక్కడి ప్రభుత్వ ఉత్తర్వులు, ఓడ కాగితాలు, రొయ్యల చెరువుల నివేదికలు, వార్తాపత్రికలు పాఠాలుగా పెట్టండి. చివర్లో ఇండోనేషియా ప్రభుత్వం నడిపే యూకేబీఐ అనే భాషా సామర్థ్య పరీక్ష రాయించండి. మన సర్టిఫికెట్‌తో పాటు అదీ ఉంటే ఏ కంపెనీ వాళ్లయినా నమ్ముతారు.

సాయంత్రపు తరగతులు కాకుటూరులో కాకుండా నెల్లూరు టౌన్లో పెడితే బాగుంటుంది. రేవులో డ్యూటీ దిగి ముత్తుకూరు నుంచి వచ్చేవాళ్లకు అది అందుబాటు. ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాన్ని కూడా కలుపుకుంటే అదే పాఠం ఆన్‌లైన్‌లో ప్రకాశం జిల్లా పిల్లలూ వినొచ్చు, ఖర్చు సగం పంచుకోవచ్చు. మొదటి ఏడు ముప్పై సీట్లు చాలు. అవి నిండకపోతే ఏం చేయాలన్నది అప్పుడు ఆలోచించండి, ముందుగానే ఆగిపోవద్దు.

ఈ ప్రతిపాదన వచ్చే అకడమిక్ సెనేట్ సమావేశంలో పెట్టమని కోరుతున్నాను. రేవు మీద ఆధారపడ్డ ఆఫీసులు, హేచరీలు, నూనె మిల్లుల వాళ్లతో ఒక సంప్రదింపుల సమావేశం పెడతామంటే, మా ముత్తుకూరు వైపు నుంచి ఎవరెవరు తమ సిబ్బందిని పంపడానికి సిద్ధమో అడిగి జాబితా తయారు చేసి తెచ్చే పని నాది. తేదీ చెప్పండి.

ఇట్లు,
కృష్ణపట్నం రేవు కాగితాల పనిలో ఉన్న నెల్లూరు వాసి